కేథరీనమ్మ చివరిసారి వెళ్లిన ఊరికి

జర్మనీ దేశం వెళ్లిన మన సంఘస్థులు విట్టెన్‌బర్గ్ చూడకుండా తిరిగి రారు. మేమిద్దరమూ చూశాము. 1517లో మార్టిన్ లూథర్ 95 సిద్ధాంతాలు ప్రకటించిన ఆ పట్టణంలో, కోట దేవాలయపు తలుపుల ముందు ఫొటో కూడా తీయించుకొన్నాము. (ఆనాటి కొయ్య తలుపులు 1760లో కాలిపోయాయట. ఇప్పుడున్నవి 1858లో పెట్టిన కంచు తలుపులు. ఆ సంగతి తెలిసి మాకు కాస్త నిరాశే కలిగింది.) అయితే ప్రియ పాఠకులకు చెప్పదలచినది ఆ తలుపుల విషయం కాదు. మరునాడు ఎల్బె నది వెంబడి మేము చేసిన సైకిలు ప్రయాణం. విట్టెన్‌బర్గ్ నుండి టోర్గౌ వరకు సుమారు 70 కిలోమీటర్లు. లూథర్ భార్య కేథరీనా వాన్ బోరా చివరిసారి వెళ్లిన ఊరు టోర్గౌ.

ఉదయాన్నే ప్రార్థన చేసుకొని అద్దె సైకిళ్లు తీసుకొని బయలుదేరాము. గోదావరి ఏటిగట్టు మీద నడిచినవారికి ఆ దారి కొత్తగా తోచదు. ఒకవైపు నది, మరొకవైపు పొలాలు, మధ్యలో ఎత్తయిన గట్టు. గట్టు ఎందుకో అడగనక్కరలేదు. 2002 ఆగస్టులో ఈ నదికి వచ్చిన వరద ఎగువనున్న డ్రెస్డెన్‌లో 9.40 మీటర్లు చేరింది. మేము వెళ్లిన రోజున మాత్రం నీరు పలుచగా, నిదానంగా పారుతోంది. పల్లెల్లో స్తంభాల మీద కొంగల గూళ్లు. మన ఊళ్లలో యాభై దాటిన స్త్రీ సైకిలెక్కితే వీధి వీధంతా నవ్వుతుంది. అక్కడ మాకంటే పెద్దవాళ్లయిన దంపతులు గంట కొట్టి మమ్మల్ని దాటిపోయారు. పోటీపడబోయి, రెండు కిలోమీటర్లకే ఆయాసపడి మానుకున్నాము.

చెట్టు నీడన రొట్టె, ఉడికించిన గుడ్లు విప్పుకొని కూర్చున్నప్పుడు కేథరీనమ్మ మాట వచ్చింది. 1523 ఈస్టరు సమయంలో కన్యకల మఠం విడిచి వచ్చిన సన్యాసిని ఆమె. తప్పించుకొనడానికి సాయపడినది టోర్గౌ వర్తకుడే. 1525 జూన్‌లో లూథర్‌ను వివాహమాడింది. ఆరుగురు బిడ్డలు. వారిలో ఇద్దరు ఆడపిల్లలు తండ్రి బ్రతికుండగానే చనిపోయారు. విట్టెన్‌బర్గ్‌లోని వారి ఇల్లు ఒకప్పటి పెద్ద మఠం. అందులో విద్యార్థులకు, అతిథులకు భోజనం పెట్టింది, పశువులను మేపింది, తోట వేసింది, చేపల చెరువు చూసుకుంది, బీరు కూడా కాచింది. మన పల్లె తల్లులు చేసే చాకిరీ లాంటిదే.

ప్రెచ్ అనే ఊరి దగ్గర నది దాటాలి. వంతెన లేదు, పంటు ఉంది. దానిని నడపడానికి యంత్రం లేదు. ఎగువన నదిలో లంగరు వేసిన పొడవైన ఇనుప తాడుకు పంటు కట్టి ఉంటుంది. పంటును ప్రవాహానికి కాస్త ఏటవాలుగా తిప్పితే చాలు, నీటి తోపుడే దానిని ఆవలి ఒడ్డుకు చేరుస్తుంది. చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దంలో మాలో ఒకరు అడిగిన ప్రశ్న: “ముందు మీరు పోతే నేనెక్కడ ఉంటానండీ? ఇల్లు ఎవరి పేరున ఉంది?”

రెండవవారు జవాబు చెప్పకముందే పంటు ఒడ్డుకు చేరింది.

ఆ ప్రశ్న ఊరకే రాలేదు. 1542లో వ్రాసిన వీలునామాలో లూథర్ తన ఆస్తి భార్యకే ఇచ్చాడు. కానీ 1546లో ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత, ఆ వీలునామా సాక్సనీ దేశపు చట్టానికి సరిపడలేదు. విధవరాలికి అంత హక్కు ఆ చట్టంలో లేదు. పాలకుడు కల్పించుకొని ఆమె పక్షం వహించవలసి వచ్చింది. అంతలోనే యుద్ధం. రెండుసార్లు ఊరు విడిచి పారిపోయింది. తిరిగి వచ్చేసరికి పొలాలు పాడై ఉన్నాయి. మరల అతిథులను ఇంట్లో పెట్టుకొని బ్రతికింది. అంత పెద్ద దైవజనుని భార్యకే ఆ గతి పట్టింది. మన సంఘాలలో పాస్టరుగారిని సమాధి చేసిన కొన్నాళ్లకే పాస్టరమ్మగారు బంగళా ఖాళీ చేయడం మేము కన్నులారా చూశాము. ఆ సామాను బండికెత్తినవారిలో మేమూ ఉన్నాము. ఆనాడు ఎవరమూ నోరెత్తలేదు.

చివరి పదిహేను కిలోమీటర్లు మోకాళ్లతోనే ప్రార్థన చేయించాయి. సాయంకాలానికి టోర్గౌ చేరాము. 1945 ఏప్రిల్ 25న అమెరికా, రష్యా సైనికులు ఎల్బె దగ్గర చేతులు కలిపినది ఇక్కడే. 1544లో లూథర్ ప్రతిష్ఠించిన కోట దేవాలయమూ ఇక్కడే ఉంది. మేము తిన్నగా మరియ దేవాలయానికి వెళ్లాము.

1552లో విట్టెన్‌బర్గ్‌లో తెగులు రాగా, కేథరీనమ్మ పిల్లలతో బండిలో ఈ ఊరికి బయలుదేరింది. దారిలో గుర్రాలు బెదిరాయి. ఆమె బండి దిగబోయి చల్లని నీళ్లున్న గుంటలో పడింది. మరి లేవలేదు. డిసెంబరు 20న కన్నుమూసింది, 53 ఏళ్లకు. విట్టెన్‌బర్గ్‌లో భర్త ప్రక్కన కాదు, ఇక్కడే సమాధి చేశారు. రాతి పలక మీద ఆమె నిలువెత్తు రూపం, చేతుల్లో పుస్తకం. చాలాసేపు అక్కడ నిలబడ్డాము. మాలో ఒకరు వంగి ఆ రాతి ముందున్న నేలను తాకారు.

తిరుగు రైల్లో సైకిళ్లను గోడకు ఆనించి కట్టి కూర్చున్నాక, పంటు మీద అడిగిన ప్రశ్నకు జవాబు మొదలైంది. చేతిలో కాగితం లేక టికెట్టు వెనుక వ్రాశాము. ఇల్లు, రెండెకరాలు, బ్యాంకు పుస్తకం, ఎవరెవరి పేర్లు మార్చాలి. విట్టెన్‌బర్గ్ వచ్చేసరికి టికెట్టు నిండిపోయింది గాని లెక్క ఇంకా తేలలేదు.