ఊడి రావడం నేర్చుకున్న బ్యాక్‌రెస్ట్

క్రూయిజర్ బండి వెనక సీటుకు బ్యాక్‌రెస్ట్ ఉండాలా వద్దా అన్నది ఎప్పటికీ తేలని తగువు. ఇద్దరు కలిసి దూరం వెళ్లేటప్పుడు అది లేకపోతే వెనక కూర్చున్నవాళ్ల నడుం గంటలోపే మొరపెడుతుంది. ఒక్కరే తిరిగేటప్పుడు మాత్రం అదే పెద్ద అడ్డు. బండెక్కాలంటే కాలు దాని మీదుగా తిప్పాలి. నేలబారుగా, సాగదీసినట్టుండే బండి రూపాన్ని వెనక నిటారుగా నిలబడ్డ ఆ కడ్డీ పాడుచేస్తుంది. కాబట్టే ఈ భాగం విషయంలో ఇంజినీర్లు బిగించడం గురించి ఎంత బుర్ర పెట్టారో, విప్పడం గురించి అంతకన్నా ఎక్కువ పెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో కుర్రకారు తమ బరువైన బండ్ల మడ్‌గార్డులు కోసి, అక్కర్లేదనుకున్నవన్నీ పీకి, బండిని తేలిక చేసుకునేవారు. ఆ అలవాటే 1960ల నాటికి చాపర్‌గా ముదిరింది. కాలిఫోర్నియా షెడ్లలో ఫ్రేమును కోసి మళ్లీ వెల్డింగ్ చేశారు, ముందు ఫోర్కును పొడుగు చేశారు. ఇలా కోసి పారేయడమే వ్రతంగా పెట్టుకున్నవాళ్లు కొత్తగా తగిలించుకున్న కొద్ది వస్తువుల్లో ఒకటి, వెనక సీటు వెంట పైకి లేచే ఇనుప కడ్డీ. దాన్ని సిస్సీ బార్ అన్నారు. దుప్పటి చుట్ట కట్టుకోవడానికి, వెనకవాళ్లు ఆనుకోవడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా దర్జాకి అది పనికొచ్చింది. కొందరి బండ్ల మీద అది మనిషి తలను మించి పెరిగింది. దర్జా అన్నది కొలతలకు లొంగే వస్తువు కాదు కదా!

1969లో డెన్నిస్ హాపర్ తీసిన ‘ఈజీ రైడర్’ సినిమా ఈ కడ్డీని ప్రపంచానికి చూపింది. అందులో పీటర్ ఫోండా నడిపిన, అమెరికా జెండా రంగుల ట్యాంకున్న చాపర్ వెనక సీటు మీద జాక్ నికల్సన్ ఫుట్‌బాల్ హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాడు. ఆ బండి తయారీ వెనక ఉన్నవాళ్లు క్లిఫ్ వాఘ్స్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి అమెరికన్లు. ప్రపంచంలో బాగా పేరుమోసిన మోటార్‌ సైకిళ్లలో ఒకటైన ఆ బండికి వాళ్ల పేర్లు జతపడడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యానికి సమర్థన ఏదీ లేదు.

ఆనాటి చాపర్లలో ఎక్కువ వాటికి వెనక షాక్ అబ్జార్బర్లు ఉండేవి కావు. ఇరుసు నేరుగా ఫ్రేముకే బిగిసి ఉండేది. చక్రం ఫ్రేమును విడిచి పైకీ కిందికీ కదలదు గనుక సిస్సీ బార్ కాళ్లను ఇరుసు దగ్గరే బిగించేవారు. మడ్‌గార్డ్ వెనక కొసను పట్టి ఉంచేదీ చాలాసార్లు ఆ కడ్డీయే. అలాంటి బండి మీద బ్యాక్‌రెస్ట్ తీయాలంటే ఇరుసు నట్టు విప్పాలి. తీశాక మడ్‌గార్డ్‌కు వేరే ఊతం వెతకాలి. సరదాగా తీసి మళ్లీ పెట్టుకునే వ్యవహారం కాదది.

షాకులున్న బండ్లకు ఈ పద్ధతి చెల్లలేదు. హార్లీ డేవిడ్‌సన్ పెద్ద బండ్లకు వెనక షాకులు 1958లో డ్యుయో గ్లైడ్‌తో వచ్చాయి. గతుకు తగిలినప్పుడల్లా ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంటే దానికి బిగించిన దిండు కూడా మనిషి వీపును పొడుస్తూ ఆడుతుంది. కాబట్టి బ్యాక్‌రెస్ట్ చోటు మార్చుకోక తప్పలేదు. మడ్‌గార్డ్‌ను రెండు వైపులా మోసే గట్టి ఉక్కు పట్టీల మీదికి అది చేరింది. షెడ్లలో పుట్టిన చాపర్ సోకును 1971లో విల్లీ జి. డేవిడ్‌సన్ గీసిన సూపర్ గ్లైడ్‌తో కంపెనీయే ఫ్యాక్టరీలోకి తెచ్చింది. 1984 నాటి సాఫ్ట్‌టెయిల్ మరో అడుగు వేసి, షాకులను బండి కింద దాచి, చూడ్డానికి షాకుల్లేని పాత బండిలా నిలబడింది.

ఇప్పుడు బ్యాక్‌రెస్ట్ మీద పడే బలం ఎంతో లెక్క కట్టి చూద్దాం. వెనక 60 కిలోల మనిషి ఉన్నారు. బండి సెకనుకు సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగం అందుకుంటోంది. ఆ తోపునంతా దిండే మోస్తుందనుకుంటే దాని మీద 180 న్యూటన్ల బలం పడుతుంది. దిండు, పట్టీకి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే అది 72 న్యూటన్ మీటర్ల మెలి. కింద ముందు బోల్టుకూ వెనక బోల్టుకూ మధ్య దూరం 12 సెంటీమీటర్లే అనుకుంటే, ఆ జంట మీద 600 న్యూటన్లు పడతాయి. అంటే ఒక్కో వైపు దాదాపు 30 కిలోల బరువు లాగినట్టు. వెనకకు వాలినప్పుడు వెనక బోల్టు కిందికి నొక్కుకుంటుంది, ముందు బోల్టు దగ్గర బ్యాక్‌రెస్ట్ పక్కపలక పైకి లేవాలని చూస్తుంది.

పానా లేకుండా విప్పే బ్యాక్‌రెస్ట్‌ల కిటుకంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది. మడ్‌గార్డ్ పట్టీకి ఒక్కో వైపు రెండేసి గుండీల్లాంటి పొట్టి పిన్నులు ఎప్పటికీ బిగించి ఉంచుతారు. బ్యాక్‌రెస్ట్ పక్కపలక ముందు భాగంలో, ముందుకు తెరుచుకున్న గాడి ఉంటుంది. దాన్ని ముందు పిన్నుకు తొడిగి, వెనక భాగాన్ని కిందికి దించితే గొళ్లెం పడుతుంది. పైకి లేవాలని చూసే బలాన్ని గాడి కింది పెదవి అడ్డుకుంటుంది. వెనక పిన్ను మీద బరువు ఎలాగూ కిందికే పడుతుంది. ఇక గొళ్లేనికి మిగిలిన పని, పలక వెనక్కి జారకుండా, గతుకుల్లో ఎగరకుండా చూడడమే. అంత బరువును మోసే భాగానికి వేలితో తీసే గొళ్లెం చాలడానికి కారణం ఇదే. హార్లీ 2018 సాఫ్ట్‌టెయిల్ బండ్లకు హోల్డ్‌ఫాస్ట్ పేరుతో ఇస్తున్నదీ ఈ వంశంలోదే. నా దృష్టిలో దిండు మెత్తదనం కన్నా, క్రోమ్ మెరుపు కన్నా మెచ్చుకోవలసిన పనితనం ఈ గాడిదే.

బోల్టులతో బిగించిన రకాన్ని తీయడం వేరే కథ. అక్కడ బ్యాక్‌రెస్ట్‌ను పట్టుకున్న బోల్టులే చాలా బండ్లలో మడ్‌గార్డ్‌నూ పట్టుకుని ఉంటాయి. అన్నీ ఒకేసారి లాగేస్తే మడ్‌గార్డ్ జారి టైరు మీద కూర్చుంటుంది, పెయింటు గీసుకుపోతుంది. కింద ఒక ఊతం, మీద ఒక గుడ్డ పెట్టి, ఒక వైపు పని ముగిశాకే రెండో వైపుకు వెళ్లాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం కంటికి కనబడదు. పలక మందాన్ని దాటి రావాలి గనుక బ్యాక్‌రెస్ట్ బోల్టులు పొడుగ్గా ఉంటాయి. పలక తీసేసి అవే బోల్టులు బిగిస్తే మిగిలిన పొడుగు మడ్‌గార్డ్ లోపలికి పొడుచుకొస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఇద్దరు ఎక్కి, గతుకులో షాకు కుంగితే పైకి లేచిన టైరును ఆ కొస కోస్తుంది. అందుకని కంపెనీ ఇచ్చిన పొట్టి బోల్టులు వేయాలి. లేదా పలక మందానికి సరిపడే వాషర్లు చేర్చాలి.

ఇలా బిగించిన బోల్టులు సడలకుండా మరలకు పూసే నీలం జిగురుకూ ఒక చరిత్ర ఉంది. గాలి తగిలినంతసేపు ద్రవంగా ఉండి, గాలి చొరని చోట లోహం తగిలితే గట్టిపడే ఈ రసాయనాన్ని 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ రూపొందించారు. లాక్‌టైట్ అన్న పేరుతో అది ప్రపంచమంతా పాకింది. ఇంజిను అదురుకు బోల్టులు సడలే క్రూయిజర్లకు ఇది వరమే. నీలం రకం చేతి పనిముట్లతో ఊడుతుంది. ఎర్ర రకానికి బాగా వేడి పెట్టాలి, కాబట్టి పెయింటు పక్కన దాని జోలికి పోకూడదు. పాత జిగురును మరల నుంచి గోకి శుభ్రం చేశాకే కొత్తది పూయాలి.

మన దేశంలో బజాజ్ అవెంజర్ 2005లో వచ్చాక వెనక దిండున్న బండ్లు మన ఊళ్ల రోడ్ల మీద మామూలయ్యాయి. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్, కుర్రకారు కోసం థండర్‌బర్డ్ ఎక్స్ తెచ్చినప్పుడు బ్యాక్‌రెస్ట్‌ను తానే తీసేసింది. అయినా మన దగ్గర వెనక సీటు సమస్య అమెరికాలో ఉన్నట్టు ఉండదు. చీర కట్టుకుని ఒక పక్కకు తిరిగి కూర్చునేవాళ్లకు ఆ దిండు వీపుకు ఆనదు, భుజాన్ని నెడుతుంది. వాళ్లకు కావలసింది చేతికి అందే గట్టి పట్టు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం కోరేదీ అదే. వెనక సీటున్న బండికి పక్కన గానీ, డ్రైవర్ సీటు వెనక గానీ శాశ్వతమైన చేతి పట్టు, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలి. దిండు ఉండాలని ఎక్కడా లేదు.

కొన్ని బండ్లకు దిండూ, పట్టుకునే కడ్డీ ఒకే ముక్కగా వస్తాయి. మీది అలాంటిదైతే విప్పేముందు ఒక్కసారి చూసుకోండి. దిండుతో పాటు పట్టు కూడా పోతుంటే, వేరే పట్టు బిగించేదాకా ఆ సీటు మీద ఎవరినీ ఎక్కించుకోవద్దు.