బువ్వ, తొవ్వ, పండుగ.. ఇంగ్లీషు మన వాకిట్ల నుంచే షురువు కావాలె

మొన్న తిరుమలగిరి చౌరస్తాల చాయ్ తాగుతుంటె ఒక తమ్ముడు పలకరించిండు. డిగ్రీ అయ్యి రెండేండ్లాయె, నౌకరి ఇంకా దొరకలే. "అన్నా, ఇంగ్లీషు ఎట్ల నేర్సుకోవాలె? ఫోన్ల మూడు యాప్‌లు పెట్టిన. పైసలు కట్టి ఒక కోర్సు కూడ తీసుకున్న. ఇంటుంటె అంత సమజైతది. నోరు తెరిస్తె మాత్రం ఒక్క మాట రాదు" అన్నడు.

"గా యాప్‌లు ఏం ముచ్చట మాట్లాడమంటున్నయ్?" అని అడిగిన. ఫోన్ తీసి సూపిచ్చిండు. విమానాశ్రయంల సామాను పోతె ఎవర్ని అడగాలె, పెద్ద హోటల్ల రూము ఎట్ల తీసుకోవాలె, పిజ్జా మీద ఏమేం ఏపిచ్చుకోవాలె. గా తమ్ముడు ఇప్పటిదాంక విమానం ఎక్కలే. హోటల్ల రూము తీసుకోలే. ఇగ నోరెట్ల తిరుగుతది?

ఈ ముచ్చటను జర నిమ్మళంగ ఆలోచన చెయ్యాలె. మాట్లాడాలంటె మనిషికి రెండు కావాలె. చెప్పేటందుకు సరుకు ఉండాలె, చెప్పేటందుకు భాష ఉండాలె. తెల్వని భాషల తెల్వని సంగతి చెప్పుమంటె రెండు బరువులు ఒక్కపారి నెత్తిన పెట్టినట్టు. ఎసుంటోడైనా కూలవడుతడు. సరుకు మనకు పూర్తిగ తెలిసినదైతె, మోసేది భాష ఒక్కటే. అందుకే నేనంట, మన ఇంగ్లీషు మూడింటి నుంచి షురువు కావాలె. తినే బువ్వ, పోయే తొవ్వ, చేసుకునే పండుగ. ఈ మూడింటి మీద మనకంటె ఎక్కువ తెలిసినోడు ఏ ఇంగ్లీషు సారు లేడు.

ఇది నాకు పుస్తకంల దొరికిన తెలివి కాదు. ఇంటర్ అయినంక పట్నంల ఒక నౌకరి కోసం పోయిన. అవతల కూసున్నాయన ఇంగ్లీషుల ఒక్కటే అడిగిండు, మీ ఊరి గురించి చెప్పు అని. కాలాలన్నీ బట్టీ కొట్టి పోయిన నేను. మా ఊరి చెరువు, కట్ట మీది మైసమ్మ, అంగడి అన్నీ కండ్ల ముందట తిరిగినయ్. నోట్ల మాత్రం తడి లేకుంటాయె. వాపస్ వచ్చే బస్సుల సూర్యాపేట దాంక కిటికీ నుంచి మొఖం తిప్పలే. మల్ల నాలుగేండ్లకు ఒక మీటింగుల బయటి దేశపామె నా టిఫిన్ డబ్బా చూసి ఇదేంది అని అడిగింది. జొన్న రొట్టె. అదేంది, ఎట్ల చేస్తరు, ఎందుకు తింటరు అని ఆమె అడుగుకుంట పోయింది, తప్పులతోటే నేను చెప్పుకుంట పోయిన. పది నిమిషాలు గడిచినంక తెలిసింది, నేను ఇంగ్లీషు మాట్లాడుతున్న అని.

కూలీల మాటలతోటి సదువు

ఇది ఇదివరకే ఒకాయన చేసి సూపిచ్చిన పని. 1963ల బ్రెజిల్ దేశంల అంగికోస్ అనే చిన్న ఊర్ల పాలో ఫ్రెయిరె సుమారు 300 మంది కూలీనాలి జనానికి 40 గంటల్ల చదువుడు రాసుడు నేర్పే పని పెట్టుకున్నడు. ఆయన పద్ధతిల అఆలు ముందుగాల రావు. జనం రోజూ వాడే మాటలు ఏరుతరు. ఇటుక అనే మాట తీసుకుంటె, ఇటుక ఎవరు కాలుస్తరు, ఇల్లు ఎవరికి ఉంటది అని ముచ్చట పెడుతరు. తర్వాత గా మాటనే ముక్కలు చేసి అక్షరాలు నేర్పుతరు. 1964ల సైన్యం గద్దెనెక్కి ఆయనను జైల్ల ఏసింది. తర్వాత దేశమే ఇడిసి పోవాల్సొచ్చింది. కూలీలు సదువుతోటి పాటు ప్రశ్న అడుగుడు కూడ నేర్సుకుంటున్నరని పెద్దోళ్లకు భయం.

ఆయన నేర్పింది వాళ్ల సొంత భాష. మనం నేర్సుకునేది పరాయి భాష. ఆ తేడా ఉన్నది. కానీ తెలిసిన కాడ నుంచి తెల్వని కాడికి పోవాలె అనే సూత్రం రెండింటికీ ఒక్కటే.

మన తాతలను యాది చేసుకోండ్రి. నిజాం కాలంల సర్కారు పనంత ఉర్దూల నడిచింది. బడి మొఖం చూడనోళ్లు కూడ దవాఖాన, దుకాణం, తారీఖు, జల్ది, షురువు అనుకుంట ఆ మాటలను మన యాసల కలుపుకున్నరు. అంగట్ల, కచేరిల పని పడ్డది, నోరు తిరిగింది. ఎవ్వలూ వ్యాకరణం పట్టుకోని కూసోలే.

బువ్వ చెప్పుకుంటె వరుస వస్తది

వంట చెప్పాలంటె వరుస చెప్పాలె. ముందుగాల, తర్వాత, ఆఖరుకు. ఇంగ్లీషుల ఫస్ట్, దెన్, ఆఫ్టర్ దట్, ఫైనల్లీ. ఈ నాలుగు మాటలు చేతికొస్తె ఏ ముచ్చటనైనా గుంజుకపోవచ్చు.

సర్వపిండి తీసుకుందాం. కొందరు తపాల చెక్క అంటరు. "ఫస్ట్, వుయ్ టేక్ రైస్ ఫ్లోర్. దెన్ వుయ్ యాడ్ పీనట్స్, సెసమి, చిల్లీ పౌడర్ అండ్ సాల్ట్. ఆఫ్టర్ దట్, వుయ్ ప్రెస్ ఇట్ ఇన్ ఎ పాట్. వుయ్ మేక్ హోల్స్ విత్ ఎ ఫింగర్. ఫైనల్లీ, వుయ్ పోర్ ఆయిల్ ఇంటు ద హోల్స్ అండ్ కుక్ ఇట్." ఇంతే. ఇండ్ల కష్టమైన మాట ఒక్కటి లేదు.

ఇప్పుడు జర సూడుండ్రి. తెలుగుల "మేము పిండి కలుపుతం" అంటం, పని మాట ఆఖరుకొస్తది. ఇంగ్లీషుల వుయ్ అన్నంక ఎంబడే మిక్స్ అనే పని మాట రావాలె. మనకు నోరు తడబడేది ఈడనే. మనసు మాటను ఆఖరుకు దాసుకుంటది. పది వంటలు చెప్పినంక గా అలవాటు ఎవ్వలు చెప్పకుంటనే మారుతది. ఇంకొక తప్పు కూడ ఈడ సక్కగైతది. మనోళ్లు అన్నింటికీ ఇంగ్ తగిలిస్తరు, "వుయ్ ఆర్ మిక్సింగ్" అంటరు. ఇప్పుడు ఈ క్షణంల కలుపుతుంటేనే అట్ల అనాలె. ఎప్పుడూ చేసే పద్ధతి చెప్పేటప్పుడు "వుయ్ మిక్స్" చాలు.

సర్వపిండికి బొక్కలు ఎందుకు పెడుతరు అని పక్కోడు అడగాలె. నూనె కిందికి దిగి అంతట మంచిగ కాలాలని. "సో దట్ ద ఆయిల్ గోస్ డౌన్." గట్ల ఒక ప్రశ్నతోటి ఒక కొత్త వాక్యం కట్టుడు వచ్చింది.

తొవ్వ చెప్పుకుంటె గడిచిన కాలం వస్తది

పోయొచ్చిన ముచ్చటంటె అయిపోయిన ముచ్చట. పోయిన, ఎక్కిన, దిగిన, చూసిన, తిన్న, కొన్న, వచ్చిన. వెంట్, గాట్ ఆన్, గాట్ డౌన్, సా, ఏట్, బాట్, కేమ్. ఈ ఏడు మాటలతోటి పెద్దగట్టు జాతర మొత్తం చెప్పొచ్చు. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర అయితది. 2025 ఫిబ్రవరిల అయ్యింది. ఓ లింగా అనుకుంట జనం గుట్ట ఎక్కుతుంటె హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద బండ్లను వేరే తొవ్వకు మళ్లిస్తరు. గా జాతరకు పోనోళ్లు మనల తక్కువ. ఎట్ల పోయినవ్, ఎవలతోటి పోయినవ్, ఏడ తప్పిపోయినవ్, అది చెప్పు.

ఈడ మనోళ్లు పదే పదే చేసే తప్పొకటి ఉన్నది. "ఐ డిడ్ నాట్ వెంట్" అంటరు. డిడ్ అన్నంకనే కాలం గడిచిపోయింది, ఇగ రెండోసారి గడవద్దు. "ఐ డిడ్ నాట్ గో" అంటె సరిపాయె.

మన పక్కనున్న నాగారం మండలం ఫణిగిరికి కూడ పోయి రాండ్రి. పాము పడగ లెక్క ఉండే గుట్ట, దాని మీద సుమారు రెండు వేల ఏండ్ల కిందటి బౌద్ధ విహారం. ఈడి శిల్పాలను 2023ల న్యూయార్క్‌ల మెట్రోపాలిటన్ మ్యూజియంల ప్రదర్శనకు పెట్టిండ్రు. 2024ల ఈడి తవ్వకాలల్ల ఒక కుండల 3,730 సీసం నాణేలు దొరికినయ్. న్యూయార్క్‌ల గా రాళ్లను సూసిన మనిషి రేపు ఫణిగిరికి వచ్చి దిగితె, చెప్పేదెవరు? మనం నోరు మూసుకుంటె పట్నం నుంచి ఒక గైడ్ వస్తడు. మన గుట్ట ముచ్చట మన ముందటనే చెప్పి పైసలు తీసుకపోతడు. మన ముచ్చట మనం చెప్పకుంటె ఇంకొకడు చెప్తడు, వానికి తోచినట్టు చెప్తడు. ఇంగ్లీషు నేర్సుకోవాలె అనేటందుకు నాకు దొరికిన అన్నింటికన్న పెద్ద కారణం ఇదే.

పండుగ చెప్పుకుంటె ఎందుకు అనేది వస్తది

పండుగ గురించి బయటోళ్లు అడిగేది ఎందుకు అనే. పూలు తెచ్చి పేర్చి మల్ల నీళ్లల్ల ఎందుకు ఇడుస్తరు? దసరా నాడు జమ్మి ఆకు ఇచ్చి బంగారం అని ఎందుకంటరు? ప్రతి జవాబుల బికాజ్ అనే మాట రావాలె. బికాజ్ వస్తె చిన్న వాక్యం పక్కన ఇంకొక వాక్యం అతుకుతది. ఇంగ్లీషుల పెద్ద మెట్టు ఇదే.

బతుకమ్మకు జవాబు మనమే కూడబెట్టుకోవాలె. వానలు పడి చెర్లు నిండుతయ్, తంగేడు, గునుగు, కట్ల పూలు గట్లెంబడి పూస్తయ్. ఆడబిడ్డలు పుట్టింటికొస్తరు. "వుయ్ సెలబ్రేట్ ఇట్ బికాజ్ ద ట్యాంక్స్ ఆర్ ఫుల్ అండ్ ద ఫ్లవర్స్ ఆర్ ఇన్ బ్లూమ్." పాలకీడు మండలంల జాన్‌పహాడ్ దర్గకు జనవరిల ఉర్సుకు పోయి కందూరు చేసే హిందువులు ఎంతమంది? ఎందుకు పోతరు? ఇది ఇంగ్లీషుల చెప్పాలంటె ముందుగాల తెలుగుల మనకు మనం చెప్పుకోవాలె. అప్పుడు ఇంట్ల ముసలమ్మను అడగాల్సి వస్తది. మంచిదే కదా. ఎవలను ఊరేగింపుల ముందటికి రానియ్యలే, ఎవలను గుడి బయట నిలవెట్టిండ్రు అనే సంగతి కూడ గా ముసలమ్మలే చెప్తరు. దాన్ని కూడ దాసకుంట చెప్పండ్రి. పండుగ ముచ్చటంటె ఉత్త ముగ్గుల ముచ్చట కాదు.

మన మాటను మార్చకుండ్రి

సర్వపిండిని రైస్ పిజ్జా అనకుండ్రి. సర్వపిండి అని చెప్పి, తర్వాత అదేందో ఇంగ్లీషుల చెప్పండ్రి. చట్నీ, చపాతి, బిర్యానీ గట్లనే ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కినయ్. ఇంగ్లీషోళ్లు బ్యాండికూట్ అంటరు సూడు, అది మన పందికొక్కే. మన చేన్ల కంకులు కొరికే పందికొక్కు సముద్రం దాటి ఇంగ్లీషు అయ్యింది. సర్వపిండి కాదా?

ఎట్ల చెయ్యాలె?

ఇద్దరు చాలు. ఒకరు చెప్పాలె, ఒకరు అడగాలె. అడిగేటోళ్లకు మూడే ప్రశ్నలు: ఏంది, ఎట్ల, ఎందుకు. నడుమల తప్పు పట్టొద్దు, నవ్వొద్దు. మాట దొరకకపోతె తెలుగు మాటనే ఏసి ముందటికి పోవాలె, ఆగొద్దు. అయిపోయినంక దొరకని మాటలు నిఘంటువుల ఎతికి రాసుకోవాలె. అదే ముచ్చటను మల్ల చెప్పాలె. భాష నేర్పే పంతుళ్లు వాడే ఒక ఉపాయం ఉన్నది. మొదలు నాలుగు నిమిషాలు, మల్ల ఇంకొకరికి మూడు నిమిషాలల్ల, మల్ల మూడో మనిషికి రెండు నిమిషాలల్ల అదే ముచ్చట. మూడోసారికి నోరు సాఫ్ అయితది. కొత్త ముచ్చట కోసం ఉరుకకుండ్రి.

చెల్లెండ్లకు చౌరస్తల నిలవడి మాట్లాడే సౌలతు లేదు, నాకెరుక. అక్క, దోస్తు, పక్కింటి బిడ్డ, ఎవలున్నా చాలు. ఫోన్ల సొంత గొంతు రికార్డు చేసుకోని రేపు ఇనుండ్రి. ఎవలో తెల్వనోళ్లకు మాత్రం పంపకుండ్రి.

ఇంగొక మాట కూడ చెప్పాలె. ఈ పద్ధతితోటి నోరు తెరుసుకుంటది, భయం పోతది. కానీ పరీక్ష రాయాలంటె, పెద్ద పుస్తకం సదవాలంటె చదువుడు రాసుడు వేరేగ చెయ్యాల్సిందే. ఇంగ్లీషు రాకనే నౌకరి లేదు అనే మాట కూడ సగమే నిజం. నౌకర్లు పుట్టియ్యాల్సిన జిమ్మేదారి సర్కారుది, అది మన నాలుక మీద ఏస్తె ఒప్పుకోవద్దు. 2022-23 నుంచి మన సర్కారు బడులల్ల 1 నుంచి 8 దాంక ఇంగ్లీషు మీడియం పెట్టిండ్రు. పిల్లలు బడిల ఇంగ్లీషు సదివి ఇంటికొస్తున్నరు, ఇంట్ల మాట్లాడెటోళ్లు లేరు. తెలుగు మీడియంల సదివిన అన్నలు, అక్కలు మీరే రాత్రి బువ్వ కాడ గా పిల్లలను "వాట్ డిడ్ యు ఈట్ టుడే?" అని అడగండ్రి. ఇద్దరూ నేర్సుకుంటరు.

ఒకప్పుడు మన యాసను చూసి నవ్విండ్రు. సినిమాలల్ల దొంగలకు, తాగుబోతులకు పెట్టిండ్రు. గందుకే మనకు నోరు తెరువాలంటెనే బుగులు. గా బుగులు ఇంగ్లీషు కాడికి కూడ మనతోటే వచ్చింది. ఇప్పుడు కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం, మన యాసల రాస్తున్నం, మీరు సదువుతున్నరు. యాసకు పోయిన షరం ఇంగ్లీషుకు కూడ పోతది.

చౌరస్త తమ్ముడు నిన్న రాత్రి నాకు రెండు నిమిషాల వాయిస్ పంపిండు. వాళ్లమ్మ చేసే పచ్చిపులుసు గురించి. తప్పులు లెక్కపెడితె తొమ్మిది ఉన్నయ్. నడుమల ఒక్కసారి కూడ ఆగలే. నేను ఒక్క ప్రశ్న పంపిన: "వై డోంట్ యు బాయిల్ ఇట్?"

జర సేపటికి జవాబొచ్చింది. "ఐ విల్ ఆస్క్ మై మదర్ అండ్ టెల్ యు, అన్నా."