కడపటి కచేరీకి కన్నీళ్ళు

"నేడే ఆఖరు! నేటితో ఆఖరు!" అంటూ రిక్షాకు మైకు కట్టి వీధి వీధీ తిప్పే సినిమాహాళ్ళవారిని మా ఈడువాళ్ళు ఎరగకపోరు. ఆ ఆఖరు ఆనాటితో ఆఖరయ్యేది కాదు. జనం వస్తూ ఉంటే మరో వారం సాగేది. అయినా హాలు యజమానిని నిలవేసి, "ఏమయ్యా, ఆఖరన్నావే!" అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆ మాటను ఎవరూ మాటగా పుచ్చుకోలేదు. గుమ్మానికి కట్టిన కాగితపు పూలలాంటిదే అదీ అనుకున్నారు.

కాని ఒక సంగీత బృందం "ఇదే మా కడపటి కచేరీ" అని చాటి, వేలమందిని పిలిచి, వాళ్ళచేత కంటతడి పెట్టించి, అయిదేళ్ళు నిండకుండానే మళ్ళీ వేదిక ఎక్కితే? ఇది న్యూయార్కులో నిజంగా జరిగింది. దానిమీద అభిమానులు పక్షాలుగా చీలి పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట సముద్రాలు దాటి రాజమండ్రిలో మా ఇంటి వసారాలోకి కూడా వచ్చింది. అందుచేత దాని పూర్వోత్తరాలు నాకు తెలియక తప్పలేదు.

బృందం పేరు ఎల్.సి.డి. సౌండ్‌సిస్టమ్. దాని కర్త, కర్మ, క్రియ జేమ్స్ మర్ఫీ అనే ఆయన. 1970లో పుట్టాడు. మొదటి పాట రికార్డు 2002లో వచ్చేనాటికి ముప్ఫై రెండేళ్ళవాడు. పాటల లోకంలో అది రిటైరయ్యే వయస్సు గాని రంగప్రవేశం చేసే వయస్సు కాదు. ఆ తొలి పాట పేరు "లూజింగ్ మై ఎడ్జ్". వయస్సు మీదపడుతున్న ఒక రికార్డుల పిచ్చివాడు, తనకంటె ఎక్కువ తెలిసిన కుర్రకారు వెనకనుంచి తరుముకొస్తున్నారని బెంగపడడం అందులోని వస్తువు. తరగతి గదిలో కుర్రాళ్ళ ఎదుట నిలబడి బతికే నాలాంటివాడికి ఆ బెంగ వేరే ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ కోవ పాటలను అక్కడ ఇండీ రాక్ అంటారు. ఇండీ అనేది ఇండిపెండెంటు అన్న మాటకు ముద్దుపేరు. 1977 జనవరిలో మాంచెస్టరు కుర్రాళ్ళు కొందరు, బజ్‌కాక్స్ అనే బృందంవారు, 500 పౌన్లు చేబదుళ్ళు తెచ్చి తమ రికార్డును తామే అచ్చువేసుకున్నారు. ఈ సంప్రదాయానికి తొలిమెట్లలో అదొకటి. సొంత ఖర్చుతో ఖండకావ్యం అచ్చువేసి, కట్టలు చంకన పెట్టుకుని ఊరూరా తిరిగే మన కవులకూ వీళ్ళకూ చుట్టరికం ఉంది. అలా తిరిగే కవి పుస్తకం కొన్నవాడు తనను కొనుగోలుదారుడనుకోడు, బంధువుననుకుంటాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తరువాతి తగాదా అంతా తేలికగా బోధపడుతుంది.

పాటలు ఎలా ఉంటాయని అడుగుతారేమో. నా చెవి పద్యనాటకాలకూ త్యాగరాజ కీర్తనలకూ అలవాటుపడ్డ చెవి. "ఆల్ మై ఫ్రెండ్స్" అనే పాటలో ఒకే పియానో వరస ఏడు నిమిషాలపైన మారకుండా మోగుతుంది. మొదటి రెండు నిమిషాలూ విసుగు. మూడో నిమిషానికి అది దాసుగారి కాలిగజ్జెలాగా కథను తన భుజాన వేసుకుని నడిపిస్తుంది. పాడేది పాటా మాటా అని తేల్చుకోలేము. అంతకంటె మెచ్చుకోలేను, అంతకంటె తీసిపారెయ్యనూ లేను.

2005లోనూ, 2007లోనూ, 2010లోనూ మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. పేరు వచ్చింది. పేరు రాగానే మర్ఫీ, ఇక చాలు, ఒక్క పెద్ద కచేరీ చేసి బృందాన్ని చాలిస్తామన్నాడు. 2011 ఏప్రిల్ 2న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, 20 వేలమందికి దగ్గరగా పట్టే ప్రాంగణంలో. వచ్చేవాళ్ళు తెల్లబట్టలో నల్లబట్టలో, లేదా రెండూ కలిపో వేసుకుని రావాలని కోరాడు. అంటే పాడెకు ముందుగానే ముహూర్తం పెట్టాడన్నమాట.

టిక్కెట్లు పెట్టిన నిమిషాలలోనే మాయమయ్యాయి. చాలా భాగం దళారుల చేతిలో పడి, ఎన్నో రెట్లకు అంగడిలో తేలాయి. మర్ఫీ కోపించి, దళారులను దుమ్మెత్తిపోసి, ఆ వారంలోనే టెర్మినల్ 5 అనే చిన్న హాలులో మరి నాలుగు కచేరీలు చేర్చాడు. ఈ పని నాకు నచ్చింది. సరుకు ఎలా అమ్ముడుపోతేనేం అనుకునేవాడు చేసే పని కాదిది.

ఆ రాత్రి పాట మూడు గంటలు దాటి సాగింది. ఆర్కేడ్ ఫైర్ బృందంవారు వచ్చి ఒక పాటకు వంతపాడారు. కడపట న్యూయార్కు నగరాన్ని ప్రేమిస్తూనే దెప్పే పాట ఒకటి పాడుతూంటే, కప్పుమీదనుంచి తెల్లని బుడగలు వందలకొద్దీ జనం మీద రాలాయి. ఇదంతా 2012లో సినిమాగా వచ్చింది. అందులో, అంతా అయిపోయి దీపాలు వెలిగించాక, ఒక కుర్రవాడు కదలలేక నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తూ ఉంటాడు. మా ఇంట్లో ఆ సినిమా వేసినప్పుడు మా అత్తగారికి భాష తెలియకపోయినా అక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మా బావమరిది ఆ జనంలో ఉన్నాడు. అప్పటికి న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. నెల అద్దెలో సగం పోసి టిక్కెట్టు సంపాదించాడు. ఒక నల్లచొక్కా కొని వేసుకుని, ఆ గార్డెన్ కింద ఉన్న పెన్ స్టేషన్‌లో రైలు దిగి మేడెక్కాడు. తెల్లవారి ఇంటికి ఫోను చేసి, పరీక్షల సంగతి అడుగుతూంటే కచేరీ సంగతి చెప్పాడట. "ఎవరో పోయినట్టు గొంతు పెట్టాడండీ" అని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. 2015 అక్టోబరులో, బృందం తిరిగి కలుస్తోందని పుకారు పుట్టింది. రికార్డు కంపెనీ మనిషి కాదు కాదన్నాడు. డిసెంబరు 24న కొత్త పాట వచ్చింది. 2016 జనవరి మొదటివారంలో, కాలిఫోర్నియాలో జరిగే కోచెల్లా ఉత్సవంలో పాడతారని ప్రకటన వెలువడింది. మార్చి చివర న్యూయార్కులోని వెబ్‌స్టర్ హాలులో పాడనే పాడారు.

అప్పుడు లేచింది రగడ. గార్డెన్‌కు దూరాభారాలనుంచి విమానాలెక్కి వచ్చినవాళ్ళు, దళారులకు డబ్బు పోసినవాళ్ళు, ఏడ్చినవాళ్ళు, మా ఏడుపు మాకు తిరిగి ఇమ్మన్నారు. మర్ఫీ మౌనం వహించలేదు. పెద్ద ఉత్తరం రాసి అభిమానుల ముందు పెట్టాడు. తనకు ఇదివరకెన్నడూ లేనన్ని పాటలు కుదిరాయనీ, పాడదలచిన మిత్రులు పాతవాళ్ళే అయినప్పుడు ఆ కూటమికి మరో పేరు పెట్టడం ఎబ్బెట్టుగా ఉంటుందనీ దాని తాత్పర్యం. మనస్సు నొచ్చినవారికి క్షమాపణ చెప్పి, ఇక తాను చేయగలిగినదల్లా మంచి ఆల్బమ్ తయారుచెయ్యడమేనన్నాడు. ఏ సినిమాహాలు యజమానీ ఇలాంటి ఉత్తరం రాయడు. తానన్న "ఆఖరు" బంధువులతో అన్న మాట అని ఆయనకు తెలుసు.

ఇక మా వసారా. కిందటి సంక్రాంతికి బావమరిది వచ్చాడు. వెంట విశాఖపట్నం స్నేహితుడు, ఇద్దరూ ఆ రోజుల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళే. ఆ స్నేహితుడు కూడా గార్డెన్‌లో ఏడ్చినవాడే. 2017 ఏప్రిల్‌లో బ్రూక్లిన్ స్టీల్ అనే కొత్త హాలు తెరిచినప్పుడు అదే బృందం పాడితే మళ్ళీ వెళ్ళాడు. బావమరిది వెళ్ళలేదు, ఎంత పిలిచినా.

"పోయిందనుకున్న మనిషి గుమ్మంలో నిలబడితే తలుపేసుకుంటామా?" అని స్నేహితుడు.

"మనిషి పోలేదని తెలిస్తే సంతోషమే. దినవారాల ఖర్చు నా చేత పెట్టించాడు, అదీ నా బాధ" అని బావమరిది.

మా అమ్మాయి ఇంటరు చదువుతోంది. గార్డెన్ కచేరీ నాటికి ఉయ్యాల దిగని పిల్ల. ఆ పాటలన్నీ దానికి కంఠతా వచ్చు. "మామయ్యా, నువ్వు చూసిందే చివరిది కావాలని నీకు పట్టుదల. అది చివరిదయితే మాలాంటివాళ్ళకు మొదటిది ఎక్కడిది?" అంది. ఇది మూడో పక్షం. అమెరికాలో కూడా ఈ పక్షానికి జనబలం ఎక్కువే. 2011లో టిక్కెట్టు దొరకనివారు, వయస్సు చాలనివారు, ఇంటర్నెట్టులో మాత్రమే చూసినవారు, వీళ్ళకు పోయింది ఏమీ లేదు.

మా అత్తగారు వత్తులు చేసుకుంటూ ఇదంతా విన్నారు. "అప్పగింతలప్పుడు అమ్మాయిని పట్టుకుని ఎంత ఏడ్చానో అల్లుడిగారికి తెలుసు. మనుగుడుపులకు నవ్వుకుంటూ రానే వచ్చింది. అంతమాత్రాన నా ఏడుపు దొంగ ఏడుపంటావుట్రా?" అన్నారు.

"అప్పగింతలకు నువ్వు టిక్కెట్టు పెట్టావటమ్మా?" అన్నాడు వాడు.

అందరూ నవ్వారు గాని, ఇద్దరి మాటలోనూ సత్తా ఉంది. రెండు వేర్వేరు ప్రశ్నలు ఇక్కడ ఒకదానిలో ఒకటి దూరి కూర్చున్నాయి. ఆ కన్నీరు నిజమా అన్నది ఒకటి. ఆ మాటకు బాకీ ఉందా అన్నది మరొకటి.

మొదటి ప్రశ్నకు మన ఆలంకారికులు ఏనాడో జవాబు చెప్పి పెట్టారు. కరుణ రసానికీ విప్రలంభ శృంగారానికీ భేదం ఎక్కడ ఉందని భరతుడు చూశాడు. రెంటిలోనూ కన్నీరే, రెంటిలోనూ నిట్టూర్పులే. తిరిగి కలుస్తామన్న ఆశ ఉంటే విప్రలంభం, ఆశ తెగిపోతే కరుణం. మరి ఆశ తెగిపోయి, ఏడ్చి, ఆ పిమ్మట ఆశ పుడితే? బాణుడి కాదంబరిలో సరిగా ఇదే చిక్కు. పుండరీకుడు మరణించాడు. మహాశ్వేత గుండెలు బాదుకుంది. అంతలో దివ్యపురుషుడొకడు దిగివచ్చి శరీరాన్ని ఎత్తుకుపోతూ, నీవు ప్రాణాలు విడువకు, ఇతనితో నీకు పునస్సమాగమం ఉందన్నాడు. ఇప్పుడు ఆమె ముందు ఏడ్చిన ఏడుపు ఏ రసం? పద్నాలుగో శతాబ్దిలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథ కవిరాజు ఈ చర్చ ఎత్తుకుని, ఆకాశవాణి పలికిన తరువాతనే శృంగారం, అంతకుముందున్నది కరుణమేనని పెద్దలు చెప్పిన మాటను ఉదహరించాడు. వెనకటిదాన్ని ముందుకు వచ్చినది మార్చలేదు.

అందుచేత 2011 ఏప్రిల్ 2 రాత్రి కారిన కన్నీరు కరుణమే. దాన్ని వెనక్కు తీసుకునే హక్కు ఏడ్చినవాడికీ లేదు, ఏడిపించినవాడికీ లేదు. మా అత్తగారి పక్షమే నా పక్షం.

రెండో ప్రశ్న దగ్గర నాకంత ధైర్యం లేదు. ఇలా "ఆఖరు" అన్నవాళ్ళు లోకంలో కొత్త కాదు. ఫ్రాంక్ సినాట్రా 1971లో విశ్రాంతి తీసుకుంటున్నానని చెప్పి 1973లో తిరిగి వచ్చాడు. అదే 1973లో జూలై 3న, లండనులో హామర్‌స్మిత్ ఓడియన్ వేదికమీదనుంచి డేవిడ్ బౌవీ, ఇదే మా కడపటి ప్రదర్శన అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆయన చాలించింది జిగ్గీ స్టార్‌డస్ట్ అనే పాత్రను మాత్రమే. తరువాత దశాబ్దాలపాటు పాడాడు. విచిత్రమేమంటే, తిరిగి రావడమా మానడమా అని మర్ఫీ తటపటాయిస్తూంటే సలహా చెప్పినవాడు ఈ బౌవీయే. బౌవీ చివరి ఆల్బమ్‌లో మర్ఫీ తాళవాద్యం వాయించాడు కూడా. తిరిగి రావడం నీకు ఇబ్బందిగా ఉందా అని బౌవీ అడిగితే ఉందన్నాడట. అయితే మంచిదే, ఇబ్బందిగానే ఉండాలి అన్నాడట. 2016 జనవరి 10న బౌవీ పోయాడు. ఆ ఏప్రిల్‌లో కోచెల్లాలో మర్ఫీ బృందం బౌవీ పాట ఒకటి పాడి తర్పణం విడిచింది.

నా మట్టుకు నాకు, పాట పుట్టినవాణ్ణి నోరు మూసుకోమనే ఒప్పందం ఏదీ చెల్లదనిపిస్తుంది. మన కవులలో శపథం చేసి కలం పారేసి, మర్నాడు వెతుక్కున్నవాళ్ళు ఎంతమంది లేరు! అయినా ఇండీ అంటూ చుట్టరికం కలుపుకున్నవాడి మాటకు విలువ ఎక్కువే కట్టాలి. 2017 సెప్టెంబరు 1న విడుదలైన కొత్త ఆల్బమ్ "అమెరికన్ డ్రీమ్" అక్కడి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికెక్కింది. ఆ బృందానికి అంత గౌరవం అంతకుముందెన్నడూ దక్కలేదు. అది వచ్చింది కొలంబియా అనే పెద్ద కంపెనీ భాగస్వామ్యంతో అని బావమరిది మరో అస్త్రం తీశాడు. స్నేహితుడు ఆల్బమ్ బాగుందా లేదా అది చెప్పమన్నాడు. బావమరిది చాలాసేపు ఆలోచించి, బాగుందన్నాడు.

సందు దొరికింది కదా అని నేను మహాశ్వేత కథా, విశ్వనాథుడి నిర్ణయమూ సావకాశంగా వినిపించాను. శ్రద్ధగానే విన్నాడు.

"బాగుంది బావగారూ. మరి ఆకాశవాణి అయిదేళ్ళు ఆలస్యంగా పలికితే, ఆ అయిదేళ్ళ వడ్డీ ఎవరిస్తారు?" అన్నాడు.

సాహిత్యదర్పణంలో దానికి లక్షణం లేదు.