లాగర్ కోసం పుట్టి మిర్చిని కాస్తున్న యంత్రం

గుంటూరు మిర్చి యార్డులో తేజ అయినా, 334 అయినా బేరంలో తేలాల్సిన సంగతి ఒకటుంది: అది ఏసీ సరుకా, నాన్ ఏసీ సరుకా? అంటే శీతల గిడ్డంగిలో దాచిన కాయా, కళ్లం నుంచి నేరుగా వచ్చిన కాయా అని. ఆ గిడ్డంగి పక్క గదిలో తిరిగే అమ్మోనియా కంప్రెసర్ మిర్చి కోసం పుట్టలేదు. పాల కోసమూ, మాంసం కోసమూ కాదు. లాగర్ బీరు రుచి కోసం అది ఈ రూపంలో నిలదొక్కుకుంది. ఈ మాట నిలవాలంటే ముందు ఆ రుచి సంగతి తేల్చాలి.

ఏల్ బీరును పులియబెట్టే ఈస్టు 20 డిగ్రీల వెచ్చదనంలో చకచకా పని ముగిస్తూ, పండ్ల వాసననిచ్చే ఎస్టర్లను దండిగా వదులుతుంది. లాగర్ ఈస్టు పది డిగ్రీల చలిలో నింపాదిగా పనిచేస్తుంది, ఎస్టర్లు తక్కువ. తర్వాత వారాల తరబడి చల్లని నిలవలో వెన్న వాసన, గంధకం వాసన తగ్గిపోతాయి, మడ్డి అడుగుకు దిగుతుంది. మిగిలేవి మాల్టు, హాప్స్ చేదు, అంతే. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలో చిన్న ట్యాంకులో తయారైన మంచి లాగర్‌దైనా ఇదే కథ. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరాన్ని తలచుకుంటే, ఈ రుచి ఆయన గమకాలను కాదు, వాటి వెనక ఎడతెగక పలికే శ్రుతిని గుర్తుచేస్తుంది. గమకంలో కొద్దిపాటి జారుడు దాగవచ్చు, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా కూడా దాగదు. లాగర్‌లో దోషమూ అలాగే బయటపడుతుంది. ఇదంతా ఊహేగా అనవచ్చు. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ స్పెన్స్ బృందం జరిపిన ప్రయోగాల్లో మనుషులు తీపిని తారస్థాయి ధ్వనులతోనూ, చేదును మంద్రస్థాయి ధ్వనులతోనూ జతచేశారు. హాప్స్ చేదు మంద్రమైన శ్రుతిని తలపిస్తే వింత లేదు.

ఈ శుభ్రతకు చలి కావాలి. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని 1553లో బవేరియా పాలకుడు తయారీని సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే పరిమితం చేశాడు. తర్వాతి కాలంలో చెరువుల మీద కోసిన మంచుగడ్డలతో నేలమాళిగలు నింపేవారు. ఏ ఏడాదైనా చలి సరిగా పడకపోతే ఇబ్బందే. మ్యూనిక్ ఆచార్యుడు కార్ల్ ఫన్ లిండె 1870లో చల్లబరిచే యంత్రాల మీద వ్యాసం రాస్తే, అందుకే బీరు తయారీదారులు ముందుకొచ్చారు. స్పాటెన్ బ్రూవరీ యజమాని గాబ్రియేల్ సెడ్‌ల్‌మయర్ ప్రయోగాలకు తన ప్రాంగణాన్నే ఇచ్చాడు.

యంత్రంలోని తెలివంతా ఒక్క సూత్రంలో ఉంది: ద్రవం ఎంత వేడి దగ్గర మరగాలో దాని మీది ఒత్తిడి నిర్ణయిస్తుంది. మామూలు గాలి ఒత్తిడిలో అమ్మోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఒత్తిడిని దానికి సుమారు మూడు రెట్లు ఉంచితే మైనస్ 10 దగ్గర మరుగుతుంది. ఆ గొట్టాలు గదిలో ఉంటే, మరగడానికి కావలసిన వేడిని అమ్మోనియా గది గాలి నుంచే లాక్కుంటుంది. కిలో అమ్మోనియా ఇలా దాదాపు 1,300 కిలోజౌళ్లు మింగుతుంది. ఇంటి ఫ్రిజ్‌లలో వాడుతూ వచ్చిన ఆర్-134ఎ శక్తి అందులో ఆరో వంతే. అసలు చిక్కు ఆ తర్వాతది. లాక్కున్న వేడిని బయట పారబోయాలి, బయటేమో రెంటచింతల ఎండ. చల్లని చోటి నుంచి వేడి చోటికి వేడి తనంతట తాను పోదు. ఇక్కడే కంప్రెసర్ ఆ ఆవిరిని గాలి ఒత్తిడికి పదిహేను రెట్లు దాటేలా నొక్కుతుంది. అంత ఒత్తిడిలో అమ్మోనియా 40 డిగ్రీల దగ్గరే ద్రవంగా మారగలదు. కండెన్సర్ గొట్టాల మీద నీళ్లు ధార కడితే, కొంత నీరు ఆవిరై గొట్టాలను ఎండగాలి కన్నా చల్లగా ఉంచుతుంది. అమ్మోనియా తన వేడిని అక్కడ వదిలి ద్రవమై, ఇరుకైన కవాటం దాటగానే ఒత్తిడి పడిపోయి మళ్లీ మరగడం మొదలుపెడుతుంది. మరిగిస్తూనే చల్లబరచడం, ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురమే.

ఈ పందెంలో లిండె ఒంటరి కాదు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ 1850లలోనే ఈథర్ యంత్రం నడిపాడు. ఈథర్ 35 డిగ్రీల దగ్గర మరుగుతుంది కనుక, చలి పుట్టాలంటే లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువుండాలి. ఏ సందులోంచి గాలి చొరబడినా ఈథర్‌తో కలిసి పేలే ప్రమాదం. ఫ్రాన్సులో ఫెర్డినాన్ కారే కంప్రెసరే లేకుండా అమ్మోనియాను నీటిలో కరిగించి, మళ్లీ కాచి వేరుచేశాడు. ఎంతో అందమైన ఉపాయం, కానీ ఇంధనం ఎక్కువ తింటుంది. లిండె కూడా 1873లో మిథైల్ ఈథర్‌తోనే మొదలుపెట్టి, 1876లో అమ్మోనియాకు మారాడు. పిస్టన్ కడ్డీ చుట్టూ కారుడు ఆపడం అతన్ని బాగా వేధించింది. అయితే బీరు నిలవ ఉంచే చలికి అమ్మోనియా ఒత్తిడి ఎక్కడా బయటి గాలి కన్నా తగ్గదు కాబట్టి కారితే బయటికే కారుతుంది, ఘాటు వెంటనే పట్టిస్తుంది. అది విషవాయువే, జాగ్రత్త తప్పనిసరి. కానీ చప్పుడు చేయకుండా లోపలికి గాలి పీల్చే యంత్రం కన్నా ఇది నయం. బీరు లేకున్నా మాంసం ఓడలు దీన్ని తెచ్చేవిగా అని అడగవచ్చు. 1880లో ఆస్ట్రేలియా మాంసాన్ని లండన్ చేర్చిన స్ట్రాత్‌లెవెన్ ఓడలో ఉన్నది గాలినే నొక్కి వ్యాకోచింపజేసే వేరే యంత్రం. అమ్మోనియా యంత్రాన్ని తొలినాళ్లలో పోషించింది బ్రూవరీలే.

ఇక ఎండిన మిర్చికాయకు చలి ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ మొండిది, తేలిగ్గా పోదు. ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ అలా కాదు. వేడికి, వెలుతురుకు, ఆక్సిజన్‌కు విరిగిపోతుంది. వేసవిలో బయట ఉంచిన టిక్కీలో, అంటే బస్తాలో, కాయ రంగు మందగిస్తుంది, ధరా దిగుతుంది. చలి ఆ రసాయన చర్యను నెమ్మదింపజేస్తుంది, పురుగునూ ఎదగనివ్వదు. గిడ్డంగి అద్దె, అప్పు మీద వడ్డీ రైతు నెత్తినే పడతాయి, ఆగినంత మాత్రాన ధర పెరుగుతుందన్న పూచీ లేదు. అయినా రంగు నిలిస్తేనే ఆగే వీలుంటుంది.

మిగతా చరిత్ర క్లుప్తం. ఆవిరి ఇంజన్ పోయి మోటారు వచ్చింది. ఫ్రియాన్లు వచ్చి, ఓజోన్ పొరను దెబ్బతీసి, వెనక్కి తగ్గాయి. పెద్ద గిడ్డంగుల్లో అమ్మోనియా మిగిలింది. కరెంటు పోతే పక్కనున్న డీజిల్ జనరేటర్ కంప్రెసర్‌ను నడుపుతుంది. ఆ ఇంజన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ మ్యూనిక్‌లో లిండె శిష్యుడు. ప్యారిస్‌లో గురువు యంత్రాల పనిలోనే ఉద్యోగం మొదలుపెట్టాడు.