ఎంబ్రాయిడరీ మిషన్‌లో సూది మార్చేదెప్పుడు?

ఎంబ్రాయిడరీ మిషన్‌లో సూది విరిగాక మార్చడమంటే ఆలస్యంగా మార్చడమే. విరగడానికి చాలా ముందే దాని మొన మొద్దుబారుతుంది, బెజ్జం అంచులు గరుకు తేలతాయి, ఒక్కోసారి కంటికి ఆననంతగా వంగుతుంది కూడా. నిమిషానికి 800 కుట్లు వేసే మిషన్‌లో సూది గంటకు 48,000 సార్లు దిగి లేస్తుంది. డిజైన్ దట్టంగా ఉంటే బట్టనే కాదు, అంతకుముందు వేసిన కుట్లనూ అడుగున పెట్టిన పేపర్‌నూ పొడుచుకుంటూ పోవాలి. ఆ రాపిడికి వేడెక్కుతుంది, అరుగుతుంది.

కుట్టు పడే తీరు తెలిస్తే సూది విలువ అర్థమవుతుంది. అడుగుదాకా దిగిన సూది తిరిగి కాస్త పైకి లేవగానే దాని వెనక దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. బెజ్జానికి కొంచెం పైన, సూది వెనకవైపు ఒక నొక్కు ఉంటుంది. తిరుగుతున్న హుక్ మొన ఆ నొక్కు దగ్గరే ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. సూదికీ హుక్‌కూ మధ్య ఎడం మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే. సూది ఏమాత్రం పక్కకు వంగినా హుక్‌కు దారం అందదు, కుట్టు తప్పుతుంది. అటు కాక హుక్ వైపు వంగితే దాన్నే గీరుతుంది. సూది ఖరీదెంత, హుక్ ఖరీదెంత!

మొదటి సూచన చెవికి అందుతుంది. మొద్దు సూది దిగినప్పుడల్లా బట్టను కొట్టినట్టు టక్‌టక్‌మంటుంది. తర్వాత దారం తెగడం మొదలవుతుంది. తెగిన చివర చూడాలి: పీచులు లేచి చివికినట్టుంటే బెజ్జాన్నే అనుమానించాలి. కుట్లు అక్కడక్కడ తప్పినా, డిజైన్ పక్కన పోగులు లాగినట్టు గీతలు పడినా కారణం చాలాసార్లు సూదే. పట్టు మీద నష్టం మరీ ఎక్కువ. మొద్దు మొన పోగుల మధ్య దారి చేసుకోకుండా వాటిని తెంపేస్తుంది. ఆ చిల్లు ఇక పూడదు. అందుకే పెళ్లి బ్లౌజు మీద కంప్యూటర్ వర్క్ మొదలుపెట్టే ముందు కొత్త సూది వేసుకోవడం మేలు.

దారం తెగగానే చాలామంది చెయ్యి టెన్షన్ మర మీదికి పోతుంది. ముందు దారం మళ్లీ ఎక్కించి చూడాలి, తర్వాత సూది మార్చాలి, అప్పటికీ కుదరకపోతేనే టెన్షన్ జోలికి వెళ్లాలి. పాత సూదికి సరిపెట్టిన టెన్షన్ కొత్త సూదికి సరిపోదు. అప్పుడు ఒక లోపం కాస్తా రెండవుతుంది.

అనుమానం తీర్చుకోవడం సులువే. సూదిని బయటికి తీసి గోటిని మొన దాకా నెమ్మదిగా జార్చాలి. గోరు ఎక్కడ తట్టుకున్నా, మొన గోటి మీద గీత పెట్టినా ఆ సూది పనికిరాదు. సమతలమైన గాజు మీద పెట్టి దొర్లిస్తే వంకర బయటపడుతుంది.

ఇంటి మిషన్‌కు దాదాపు 8 గంటల కుట్టుపనికి ఒక సూది అనేది వాడుకలో ఉన్న లెక్క. టైటానియం నైట్రైడ్ పూత ఉన్న బంగారు రంగు సూదులు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి. జీన్స్ గుడ్డ, జిగురు స్ప్రే, జరీదారం ఆ కాలాన్ని తగ్గిస్తాయి. ఎక్కువ సూదులున్న మిషన్‌లో అన్నీ ఒకేసారి అరగవు, ఎక్కువగా వాడే రంగు సూది ముందు పోతుంది. ఫ్రేమ్‌కు తగిలిన సూదిని మాత్రం బాగానే కనిపించినా తీసేయాల్సిందే.

అరక్కపోయినా మార్చాల్సిన సందర్భాలున్నాయి. మామూలు ఎంబ్రాయిడరీ దారానికి 75/11 సూది చాలు. 75 అంటే సూది కాడ మందం 0.75 మిల్లీమీటర్లు. జరీకి 90/14 వేస్తే బెజ్జం పెద్దది కాబట్టి దారం ఒరుసుకోదు. టీషర్టు గుడ్డకు బాల్‌పాయింట్ సూది వాడాలి.

మార్చేటప్పుడు ముందు మిషన్ ఆపేయాలి. ఇంటి మిషన్లలో సాధారణంగా సూది చదును భాగం వెనక్కి ఉండాలి. పైభాగం గుండ్రంగా ఉండే పెద్ద మిషన్ల సూదికి పొడవాటి గాడి ముందుకు, నొక్కు వెనక్కి రావాలి. పైకి ఆనేదాకా నెట్టాకే స్క్రూ బిగించాలి. సూది విరిగి ఉంటే ముక్కలన్నీ ఏరి, కలిపి చూసి, మొన కూడా దొరికిందని తేలాకే మిషన్ మళ్లీ ఆన్ చేయాలి. అది బట్టలో ఉండిపోతే వేసుకున్నవాళ్లకు గుచ్చుకుంటుంది, హుక్‌లో పడితే మిషన్ పాడవుతుంది.