ట్రాక్టరు ఆయిల్ కూలరు కారుట: కారణములు, నివారణము

చెఱువుకట్ట క్రింద చెమ్మ కనబడినప్పుడు తెలివిగల నీరటికాడు ఆ చెమ్మమీద తట్టెడు మన్ను పోసి యింటికి పోడు. నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో, పీత బొరియ ఎచ్చట నున్నదో వెదకి అచ్చటనే పూడ్చును. 13వ శతాబ్దమున కాకతీయ మైలాంబ బయ్యారము చెఱువును త్రవ్వించిన నాటినుండి మన ప్రాంతమువారికి ఈ విద్య కొత్తది కాదు. అయినను ట్రాక్టరు క్రింద నూనె చుక్కలు పడుచుండగా చూచి, పానా పట్టుకొని కనబడిన నట్టునెల్ల బిగించువారే మనలో పెక్కుమంది. అట్లు చేయుట వలన కలుగు నష్టమును మేము కన్నులార చూచితిమి గనుక ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

గడచిన వానకాలమున డోర్నకల్ సమీప గ్రామమునందలి సభ్యుడొకరు తన ట్రాక్టరునకు తరువాత అమర్పించిన ఆయిల్ కూలరు కారుచున్నదని మాతో చెప్పిరి. మేము దానిని సరిగా పరిశీలింపక, క్లిప్పు బిగింపుమని మాత్రము చెప్పితిమి. ఆయన దినదినము ఉదయమున క్లిప్పును బిగించుచు, తగ్గిన నూనెను పోయుచు దమ్ము చేసికొనెను. కొన్నాళ్ళకు ఆ క్లిప్పే రబ్బరు పైపును కోసివేసెను. నడిమడిలో నూనె యంతయు బురదపాలయ్యెను. గేరుబాక్సు అరచిన పిమ్మటగాని డ్రైవరు ఇంజను ఆపలేదు. బాగుచేయునంతలో నారు ముదిరెను. కాలువనీటి వంతును దాటిపోయెను. ఆ నష్టములో మా పాలును కలదు.

ఈ కూలరు చేయు పని మొదట తెలిసికొనవలెను. చాల ట్రాక్టర్లలో గేర్లను తడుపు నూనెయే హైడ్రాలిక్ లిఫ్టును గూడ ఎత్తును. దమ్ములోను, రోటావేటరుతోను, లోడరుతోను బండి మెల్లగా నడచుచు మిక్కిలి బరువు లాగుటచేత నూనె కాగును. కాగిన నూనె పలుచబడును. గేరు పండ్ల నడుమ నిలువవలసిన పొర బలము తగ్గును. సీళ్ళు గట్టిపడి పగులును. కావున కొందఱు రేడియేటరు ముందఱ సన్నని గొట్టములు, రేకులు గల కూలరును పెట్టించి, రెండు పైపులతో నూనెను దానిలోనికి పంపి చల్లార్చి మరల తెచ్చుకొందురు. గేరుబాక్సును కాపాడుటకై పెట్టిన ఈ సాధనమే కారినయెడల గేరుబాక్సును ఎండగట్టును.

మొదట చేయవలసినది చోటు కనిపెట్టుట. ఇంజను ఆపి, లిఫ్టును నేలకు దించి, నూనె చల్లారనిండు. కూలరును, పైపులను, కీళ్ళను కొంచెము కిరోసిన్‌తో తుడిచి ఆరబెట్టుడు. పిమ్మట కీళ్ళపై ముగ్గుపిండి పలుచగా చల్లి, కొన్ని నిమిషములు ఇంజను నడిపి ఆపి చూడుడు. పిండి మొదట తడిసిన చోటే కారుచోటు. తడిసిన భాగములలో అన్నిటికంటె మీదనున్న దానిని నమ్ముడు; నూనె క్రిందికి జారును, ఫ్యాను గాలికి వెనుకకును పోవును, కావున చుక్క పడిన చోటు అసలు చోటు కానక్కఱలేదు. ఇంజను నడుచుచుండగా చేతితో తడిమి చూడరాదు. ఒత్తిడిగల నూనె సూదివలె చర్మములో దూరి చేతికే ప్రమాదము తెచ్చును. అట్లు దూరినయెడల గాయము చిన్నదని ఉపేక్షింపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. చూడవలసి యున్నచో అట్టముక్కను కఱ్ఱకు కట్టి దూరమునుండి పెట్టి చూడుడు.

చోటు దొరకిన పిమ్మట కారణము వెదకవలెను. మేము తఱుచుగా చూచినవి ఇవి.

మొదటిది పైపు. నీళ్ళ పైపుగాని, డీజిల్ పైపుగాని కాగిన గేరునూనెకు పనికిరాదు. అది మెత్తబడి ఉబ్బును. హైడ్రాలిక్ నూనెకును, వేడికిని తగినదని వ్రాసియున్న పైపునే కొనవలెను. పైపు చివర గొట్టముపైనున్న ఉబ్బును దాటి లోనికి పోవలెను. క్లిప్పు ఆ ఉబ్బునకును పైపు చివరకును నడుమ పడవలెను. గట్టిపడిన చివరను, పొడవు చాలినయెడల, కోసివేసి క్రొత్తగా ఎక్కింపవచ్చును. చీలిన పైపును క్లిప్పుతో బిగించుట పుండుమీద త్రాడు కట్టుటయే.

రెండవది మరలు. బజారులో దొరకు కీళ్ళ మరలు అన్నియు ఒక కొలతవి కావు. రెండు చుట్లు తిరిగి బిగుసుకొనినయెడల మర వేఱని యెఱిగి అచ్చటనే ఆపవలెను. బలముతో త్రిప్పిన అల్యూమినియము మర చెడును. ఓరింగుతోగాని, వాషరుతోగాని, కోసుగానున్న ముఖముతోగాని మూసుకొను కీళ్ళకు టెఫ్లాన్ టేపు చుట్టరాదు; దాని పీలికలు నూనెలో కలిసి వాల్వులలో చిక్కును. అట్టి చోట ఓరింగును, రాగి వాషరును క్రొత్తవి వేయుడు. బిగించునప్పుడు కూలరు వైపు నొక పానాతో పట్టి, రెండవ పానాతో నట్టును త్రిప్పుడు. లేనిచో కూలరు మెడ మెలిపడి పగులును.

మూడవది అదురు. కూలరును ఇనుప పట్టీతో నేరుగా బిగించినచో ఇంజను అదురంతయు దాని కీళ్ళపై పడును. పట్టీ నడుమ రబ్బరు బుష్షులు వేయవలెను. పైపు సాగదీసినట్లుండక కొంచెము వదులుగా నుండవలెను. ఇనుము అంచులకు ఒరయకుండ కట్టవలెను.

నాలుగవది కూలరు గొట్టమునకే రంధ్రము పడుట. ఎంసీల్ వంటి లంబములు దానికి చాల దినములు నిలువవు. అల్యూమినియమును ఆర్గాన్‌తో అతుకు వేయగల షెడ్డుకు ఇచ్చుటయో, క్రొత్తది వేయుటయో మేలు. పని నిలిచినదని తొందరపడి కూలరు పైపులను బిరడాలతో మూయరాదు. దారి మూసుకొనిన నూనె ఒత్తిడి పెరిగి వేఱొకచోట పగిలించును.

అయిదవది మిక్కిలి గమనింపదగినది. కీళ్ళన్నియు ఒకేమారు కారుచున్నయెడల తప్పు కీళ్ళది కాదు. నూనె తక్కువ ఒత్తిడితో తిరిగివచ్చు దారిలో పెట్టవలసిన కూలరును ఎక్కువ ఒత్తిడిగల దారిలో పెట్టియుండవచ్చును. లేదా కూలరు దాటిన పిమ్మట దారి ఎచ్చటనో పూడియుండవచ్చును. అట్టియెడల పానా క్రింద పెట్టి, తెలిసిన మెకానిక్కును పిలువుడు.

బాగుచేసిన పిమ్మట కంపెనీ పుస్తకములో చెప్పిన నూనెనే పోయుడు. రెండు జాతులు కలుపకుడు. లిఫ్టును నాలుగైదుమార్లు ఎత్తి దించి, సమముగానున్న నేలపై నూనెమట్టము చూడుడు. కారుట ఇంకను ఉన్నదా యను సందేహము కలిగినచో క్రింద డబ్బా పెట్టి 10 నిమిషములు నూనె పట్టి కొలువుడు. 10 మిల్లీలీటర్లు వచ్చినను గంటకు 60, పది గంటల పనికి 600 మిల్లీలీటర్లు పోవును. చుక్కయే గదా యని తోచినది సాయంకాలమునకు అర లీటరు దాటినది. నూనె పాలవలె తెల్లబడినయెడల నీరు కలిసినదని యెఱిగి మార్పింపుడు. కూలరు రేకుల నడుమ పేరుకొనిన బురదను దమ్ము ముగిసిన ప్రతి సాయంకాలమును మెల్లని నీటిధారతో కడుగుడు. రేకులు మూసుకొనిన కూలరు నూనెను చల్లార్పజాలదు.

పట్టిన పాతనూనెను గట్టుమీదను, కాలువలోను పోయకుడు. నూనెపొర నీటికి గాలి తగులకుండ చేయును. ఆ నీరు పొరుగువాని మడికిని పోవును. డబ్బాలో నింపి పాతనూనె కొనువారికి ఇండు.

మా సభ్యులలో ఒకరి ట్రాక్టరు పదిమంది పొలములలో నడచును. అది నిలిచినచో పదిండ్ల నాట్లు నిలుచును. కావున డ్రైవరు ప్రతి ఉదయము తాళము త్రిప్పుటకు ముందు క్రిందికి వంగి ఒకమారు నేలను చూడవలెను. తడి కనబడిన దినముననే దాని చోటును, కారణమును వెదకవలెను. ఇకమీదట మమ్ము సలహా అడిగినవారికి, బండి యొద్దకు వచ్చి చూడక మేము సలహా చెప్పము.