మత్తు మీద మత్తు... మతికి విపత్తు

రాత్రి ఏం జరిగిందో తెల్లవారేసరికి గుర్తుండదు. ఎవరితో గొడవపడ్డారో, ఇంటికెలా చేరారో స్నేహితులు చెబితేగాని తెలియదు. ‘కాస్త ఎక్కువైంది... అంతే’ అని నవ్వేసి సాయంత్రానికి మళ్లీ అదే బాట పడతారు. మద్యానికి గంజాయిని జోడించేవారిలో, కల్తీ కల్లుకు అలవాటుపడిన వారిలో కనిపించే ఈ మతిమరుపును చాలా కుటుంబాలు తేలిగ్గా తీసుకుంటున్నాయి. నిజానికి అది మెదడు చేస్తున్న హెచ్చరిక. రెండు మత్తులు కలిసినప్పుడు జ్ఞాపకశక్తితో పాటు విచక్షణా దెబ్బతింటుంది. ‘ఇక చాలు’ అని ఆపాల్సిన శక్తే సన్నగిల్లడంతో ముంచుకొస్తున్న ప్రమాదాన్ని బాధితుడు పసిగట్టలేడు.

నమోదు కాని జ్ఞాపకం

మెదడు లోపల హిప్పోకాంపస్‌ అనే చిన్న భాగం ఉంటుంది. చూసినవి, విన్నవి జ్ఞాపకాలుగా నిలవాలంటే దీని సాయం తప్పనిసరి. మద్యం మోతాదు వేగంగా పెరిగితే ఇక్కడి నాడీకణాల మధ్య సంకేతాలు మందగిస్తాయి. ఆ స్థితిలో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు. అవేవీ మెదడులో నమోదు కావు. వైద్యులు దీన్ని ‘బ్లాకవుట్‌’ అంటారు. రాయని పుటను చదవలేనట్లే ఆ గంటలను తర్వాత ఎంత ప్రయత్నించినా గుర్తుచేసుకోలేరు.

గంజాయిలోని టీహెచ్‌సీ అనే రసాయనం కూడా ఇదే భాగంపై ప్రభావం చూపుతుంది. అప్పుడే విన్న మాట, అప్పుడే చదివిన పాఠం నిలవకుండా చేస్తుంది. రెండూ ఒకేసారి శరీరంలో చేరితే దెబ్బ మీద దెబ్బ తప్పదు.

కొద్దికొద్దిగానే అనుకుంటే...

మద్యం తాగి గంజాయి పీలిస్తే రక్తంలో టీహెచ్‌సీ స్థాయి మరింత పెరుగుతుందని 2015లో వెలువడిన అమెరికా పరిశోధన తేల్చింది. అయోవా విశ్వవిద్యాలయంలోని డ్రైవింగ్‌ సిమ్యులేటర్‌పై వాలంటీర్లను పరీక్షించగా, రెండింటి ప్రభావమూ తోడై వాహనం వరుసలో నిలకడ లేకుండా ఊగిసలాడటం పెరిగింది. విడివిడిగా తక్కువే అనిపించే మోతాదులు కలిసి పెద్ద మోతాదంత చేటు చేశాయి.

తాము రెండు మత్తులు తీసుకుంటున్నామనే సంగతే తెలియనివారూ ఉన్నారు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజొలం, డయాజెపాం వంటి మందులు బయటపడిన సందర్భాలు ఎన్నో. 2025 జులైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. పరీక్షల్లో అల్ప్రాజొలం ఆనవాళ్లు తేలాయి. ఈ మందులూ, మద్యమూ మెదడును నెమ్మదింపజేసే ఒకే వ్యవస్థపై పనిచేస్తాయి. రెండూ కలిస్తే జ్ఞాపకం చెదరడమే కాదు, శ్వాస మందగించి ప్రాణం మీదకు రావచ్చు.

పేకముక్కలు చెప్పిన నిజం

లాభనష్టాలు బేరీజు వేసే పని నుదుటి వెనుక ఉండే మెదడు భాగానిది. ఇది పూర్తిగా పరిపక్వం కావడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. అందుకే కళాశాల వయసులో మత్తు చేసే కీడు అధికం.

అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులే 1994లో ఒక పేకాట పరీక్షను రూపొందించారు. అందులో నాలుగు కట్టలుంటాయి. రెండింటిలో బహుమతులు పెద్దవి, మధ్యమధ్య పడే జరిమానాలు అంతకంటే పెద్దవి. మిగిలిన రెండింటిలో లాభం కొంచెమే అయినా చివరకు మిగులుతుంది. ఆరోగ్యవంతులు కొన్ని ముక్కలు తీశాక మంచి కట్టల వైపు మళ్లుతారు. నుదుటి భాగం దెబ్బతిన్నవారు నష్టపోతూనే పెద్ద బహుమతి వెంట పడతారు. దీర్ఘకాలం మత్తుకు బానిసలైన చాలామంది ఇదే తీరున ఆడినట్లు తర్వాతి అధ్యయనాల్లో వెల్లడైంది. తూలుతూనే బండి తాళం అందుకోవడం, చేతికిచ్చిన తెలియని మాత్ర మింగడం, ఫీజు సొమ్ము ఖర్చు చేయడం ఈ కోవలోనివే.

ఇలా గుర్తించాలి

* చెప్పిందే చెప్పడం, అడిగిందే మళ్లీ అడగడం
* రాత్రి సంగతులు తెల్లవారి చెప్పలేకపోవడం
* చదువులో హఠాత్తుగా వెనకబడటం, తరగతులకు ఎగనామం
* కారణం చెప్పని అప్పులు, తరచూ చిన్నచిన్న ప్రమాదాలు
* ఎర్రబడిన కళ్లు, వేళాపాళా లేని నిద్ర

వీటిలో ఏ ఒక్కటీ మత్తుకు రుజువు కాదు. కొన్ని కలిసి కనిపిస్తే మాత్రం నిలదీయడం కంటే నెమ్మదిగా మాట్లాడి మానసిక వైద్యుడి వద్దకు తీసుకెళ్లడం మేలు. మత్తులో ఉన్నవారు పిలిచినా పలకకపోతే ‘నిద్రపోతున్నాడులే’ అని వదిలేయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కు ఫోన్‌ చేయాలి.

కేసుల భయం వద్దు

బిడ్డపై కేసు పెడతారన్న భయంతో తల్లిదండ్రులు విషయం దాచిపెడుతున్నారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్‌ చట్టంలోని 64ఏ సెక్షన్‌ చికిత్సకు దారి చూపుతోంది. మత్తుకు బానిసై, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసు ఎదుర్కొంటున్నవారు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేసుకుంటే విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. సలహాల కోసం 14446, 1933 నంబర్లకు ఉచితంగా ఫోన్‌ చేయవచ్చు.

కల్తీ కల్లు, మద్యం ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ, భ్రమలు రావచ్చు. వారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.

మానితే ఫలితం త్వరగానే కనిపిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌ జనరల్‌ ఆసుపత్రి పరిశోధకులు 2018లో వెలువరించిన అధ్యయనంలో గంజాయి మానేసిన 16-25 ఏళ్ల యువతలో కొత్త విషయాలు నేర్చుకునే శక్తి మెరుగుపడింది. ఆ మార్పు చాలావరకు తొలి వారంలోనే వచ్చింది. వారం రోజుల నిగ్రహానికే మెదడు స్పందిస్తున్నప్పుడు ఇంట్లోవారు తోడుంటే కోలుకోవడం కష్టమేమీ కాదు.